కొలవని పేరు

ఆ రాయి ముందు ఆగిన కొత్తవాళ్ళంతా ఏదో ఒక మాటంటారు. బస్సు ఆలస్యమైతే నీడకోసం ఆ అరుగు ఎక్కుతారు, ఎక్కినవాళ్ళు ఊరుకోరుగా, చదువుతారు. పైనుంచి ఆరు పేర్లు తూచి పెట్టినట్టుంటాయి. ఎడమపక్క ఎంత ఖాళీయో కుడిపక్కా అంతే. ఏడో పేరు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ మెడలు ఒక పక్కకి వాలతాయి. ఏడోది వంకర. ఎనిమిదోది వంకర. అక్కణ్ణుంచి పదకొండోదాకా ఒక్కటీ తిన్నగా ఉండదు. "చెక్కినాయన చుక్కేసుకుని కూర్చున్నట్టున్నాడు" అంటాడొకడు. "పాపం ముసలాయనేమో, చూపు ఆనలేదు" అంటుంది ఇంకొకావిడ.

చుక్కా! ఉలిమామ జన్మలో ఆ వాసన ఎరగడు. చూపంటారా, అరవై దగ్గరపడ్డా సూదిలో దారం ఒక్క ఊపులో ఎక్కిస్తాడు. చెయ్యి తిరిగిన పనివాడు. ఆ ఆరు పేర్లూ ఆయన చెక్కినవే, ఆ వంకర పేర్లూ ఆయన చెక్కినవే. కొత్తవాళ్ళు ఏమనుకున్నా ఊళ్ళోవాళ్ళు నోరు విప్పరు. విప్పితే, బస్సు వచ్చేలోపు తెమిలే కథ కాదది.

ఉలిమామ ఇల్లు ఊరి చివర. ముందు రేకుల షెడ్డు, వెనక రెండు గదులు. షెడ్డులో ఒక మూల కొలిమి, దాని పక్కన దాగలి, గోడవారన రాళ్ళు. మెట్టుబండలు, తిరగళ్ళు, సమాధి పలకలు, ఏది కావాలంటే అది కొట్టిచ్చేవాడు. అత్త కొలిమి తిత్తి ఊదేది, ఆయన ఉలి కాల్చి దాగలి మీద సాగగొట్టి పదును పెట్టేవాడు. ముప్ఫై ఏళ్ళ కాపురమంతా ఆ కొలిమి దగ్గరే గడిచింది. "ఈయన మాట్లాడేదంతా రాళ్ళతోనే. అవి ఎదురు చెప్పవుగా, అందుకని" అనేది అత్త. అని ఆయన వినేలా నవ్వేది.

ఒక్కడే కొడుకు. వాడిది ఎడమచేతివాటం. ఉలి కుడిచేత్తో పట్టి సుత్తి ఎడంచేత్తో కొట్టేవాడు. వాడు చెక్కిన అక్షరాలన్నీ ఒక పక్కకి ఒరిగేవి, వరుస చివరికి వచ్చేసరికి పైకి ఎక్కేసేవి. "ఒరేయ్, ఇవి అక్షరాలా, సంతలో తప్పిపోయిన మేకలా?" అని ఉలిమామ వెక్కిరించేవాడు. వాడు సిగ్గుపడే రకం కాదు. "నీ రాయి చెక్కేది నేనే కదా నాన్నా, అప్పుడేం చేస్తావో చూస్తాలే" అనేవాడు. "ఛీ, నోరు కడుక్కో" అని అత్త మొట్టేది. ఆ వెక్కిరింపులు విసుగెత్తే కాబోలు, వాడు ఉలి వదిలేసి పట్నంలో కరెంటు పని నేర్చుకున్నాడు. యుద్ధం మొదలయ్యాక ఆ పనీ వదిలేసి వెళ్ళాడు.

వాడొక్కడేమిటి, ఊళ్ళోంచి ఇరవైముగ్గురు వెళ్ళారు. ఒకటే బస్సు. బస్సు బయల్దేరిన చోటే పాతరాయి ఉండేది, అరుగు మీద. ఎప్పటిదో పాత యుద్ధంలో పోయిన తొమ్మిదిమంది పేర్లు దానిమీద ఉలిమామ వాళ్ళ నాన్న చెక్కాడు. ఆ పేర్లు ఎవరు చదివారు గనక! దానికి సైకిళ్ళు ఆనించేవాళ్ళు, వానలేని రోజుల్లో దుప్పట్లు ఆరేసేవాళ్ళు. ఆ రోజు మాత్రం బస్సు వెళ్ళిపోయాక కూడా ఆడవాళ్ళు ఆ రాయి దగ్గరే నిలబడి ఉండిపోయారు. ఒకావిడ వెళ్ళి దానిమీద ఆరేసిన దుప్పటి తీసి మడతపెట్టింది. ఎందుకు తీసిందో ఆవిడకీ తెలియదు.

మూడు వారాలు తిరక్కుండా అదే అరుగు మీద, పాతరాయి పక్కన, లారీలో వచ్చిన కొత్తరాయి దిగింది. నున్నగా సానపట్టిన నల్లరాయి, నిలువెత్తు మనిషికంటే జానెడు ఎక్కువ. అప్పటికి ఊళ్ళో ఒక్కడూ పోలేదు. అందరికీ ఉత్తరాలు వస్తున్నాయి, బాగున్నామంటున్నారు.

"ఇదేంటయ్యా, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు!" అంది కుట్టుమిషనావిడ. రాయి వచ్చిందని అందరితో పాటు చూడ్డానికి వచ్చింది. కుట్టుమిషనావిడకి నోరు పెద్దది, మనసూ పెద్దదే. ఊళ్ళో సగంమంది బట్టలు ఆవిడే కుడుతుంది. ఆవిడ కొడుకూ ఆ బస్సులోనే వెళ్ళాడు.

రాయి వెంట వచ్చిన ఆఫీసు గుమాస్తా కళ్ళజోడు తుడుచుకుంటూ, "పైనుంచి పంపారమ్మా. అన్ని ఊళ్ళకీ ఒకటే కొలత" అన్నాడు.

"పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమన్నమాట!"

ఉలిమామ రాయి చుట్టూ ఒకసారి తిరిగాడు. దానిమీద సన్నటి గీతలు ముందే గీసి ఉన్నాయి, పేరుకొక గీత. చూపుడువేలితో లెక్కపెట్టాడు. ముప్ఫై. మళ్ళీ లెక్కపెట్టాడు, ముప్ఫైయే.

"వెళ్ళింది ఇరవైముగ్గురే కదా?" అన్నాడు.

"ఇంకా వెళ్ళేవాళ్ళు వెళ్తారుగా" అన్నాడు గుమాస్తా. చెడ్డమాట అన్నానని అతనికి తెలియలేదు. అందరూ అతని మొహం వంక చూసేసరికి గబగబా స్కూటరెక్కాడు.

మొదటి చీటీ పాలాయన ఇంటిది. పద్ధతి ఏమిటంటే, గుమాస్తా ముందు ఆ ఇంటికి వెళ్ళి మనిషి పోయాడన్న ఉత్తరం ఇస్తాడు, తరవాత ఉలిమామ దగ్గరికొచ్చి చెక్కాల్సిన పేరున్న చీటీ ఇస్తాడు. చీటీ అందిన రెండో రోజుకల్లా పేరు చెక్కెయ్యాలి, పెద్ద ఆఫీసరొచ్చి దండ వేస్తాడు.

ఉలిమామకి ఒక పనివిధానం ఉంది, తండ్రి దగ్గర నేర్చుకున్నది. పలకమీద ఇసక పరిచి, పేరు అసలు కొలతలో వేలితో రాసుకుంటాడు. రాసి, చూసి, చెరిపి, మళ్ళీ రాస్తాడు. కుదిరాక ఈ చివరనుంచి ఆ చివరకి తెల్లదారం పట్టి తెంపుతాడు. దారాన్ని సగానికి మడిచి మధ్యన ముడివేస్తాడు. ఆ ముడి రాతిమీద నడిమి గీతకి ఆనిస్తే పేరు అటూ ఇటూ సమానంగా పడుతుంది. ఇదంతా చెయ్యడానికే ఒక పూట, ఒక్కోసారి రోజు పడుతుంది. రాయి మీద తప్పు చేస్తే చెరపడానికి ఉండదుగా.

పాలాయన భార్య వచ్చి అరుగు మెట్టు మీద కూర్చుంది. ఆయన ఇసకలో తన కొడుకు పేరు రాయడం చూసింది. చెరపడం చూసింది. మళ్ళీ రాశాడు. మళ్ళీ చెరిపాడు. రోజంతా వాడి పేరు ఆవిడ కళ్ళముందు పుడుతూ పోతూ ఉంది. పొద్దువాలే వేళకి ఆవిడ, "అన్నయ్యా, ఇంకా ఎన్నిసార్లు చెరుపుతావు వాణ్ణి?" అంది.

ఆ మాట ఉలిమామ గుండెలో మేకులా దిగింది. ఆ రాత్రి అన్నం సహించలేదు. "ఇంకో తల్లికి ఈ బాధ పెట్టను. ముందే కొలిచి పెట్టుకుంటే చీటీ వచ్చిన పూటే చెక్కెయ్యొచ్చు" అన్నాడు. అత్త అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. మళ్ళీ కలిపింది.

మంచికే చేశాడు, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. కానీ మంచికి చేసేవన్నీ మంచివైతే ఈ లోకం ఇలా ఎందుకుంటుంది? వారం రోజులు షెడ్డు తలుపు మూసుకుని ఒక్కో పేరూ ఇసకలో రాశాడు. ఇంకా బతికున్న పిల్లలు. వాళ్ళు ఎక్కడో అన్నాలు తింటున్నారు, నిద్రపోతున్నారు, ఇంటికి ఉత్తరాలు రాస్తున్నారు. ఇక్కడ వాళ్ళ పేర్లకి ముడులు పడుతున్నాయి. ప్రతి దారానికీ పేరు రాసిన చిన్న అట్టముక్క కట్టి, గోడకి మేకులు కొట్టి వరసగా తగిలించాడు. ఇరవైఒకటి.

ఇరవైరెండోది తన కొడుకుది. ఇసక చదును చేశాడు. మొదటి అక్షరం సగం రాశాడు. వేలు కదల్లేదు. అరచేత్తో ఇసక తుడిచేసి లేచాడు. వాడి పేరు కొలవనంతకాలం వాడికేమీ కాదని ఆయనకి గట్టిగా అనిపించింది. పిచ్చి నమ్మకమే. ఆ నమ్మకం మిగతా ఇరవైఒక్కమందికీ వర్తిస్తుందేమోనన్న ఆలోచన మాత్రం రాలేదు, వచ్చినా దాన్ని గడప దాటనివ్వలేదు.

ఆ తరవాత చీటీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. రెండు, మూడు, నాలుగు. చీటీ వచ్చిన పూటే పేరు రాయిమీద ఉండేది. "మామ చెయ్యి ఏం చెయ్యో, చకచకా చెక్కేస్తాడు" అని ఊరు మెచ్చుకుంది. మెచ్చుకుంటూనే భయపడింది. తిరగలికి మొద్దు ఉలి చాలు, అక్షరాలకి సన్న ఉలి కావాలి. సన్న ఉలి దాగలి మీద మోగే చప్పుడు వేరు, టిక్ టిక్ టిక్ మని పదునుగా ఉంటుంది. ఆ చప్పుడు వినిపిస్తే చాలు, వీధుల్లో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళు. మనింటికి ఉత్తరం రాలేదుగా అని ఊపిరి వదిలేవాళ్ళు. వదిలినందుకు సిగ్గుపడి తలుపేసుకునేవాళ్ళు. ఉలిమామ ఏ వీధిలో నడిచినా మాటలు ఆగిపోయేవి. కొట్టువాడు, "మీరెందుకు శ్రమ పడి రావడం మామా, సరుకులు నేనే పంపిస్తాగా" అనేవాడు. అది మర్యాద కాదని ఆయనకి తెలుసు. ఆరో పేరు చెక్కేసరికి గోడమీద పదహారు దారాలు మిగిలాయి.

ఒక మధ్యాహ్నం కుట్టుమిషనావిడ కత్తెర పదును పెట్టించుకోవడానికి వచ్చింది. ఎవరు రాకపోయినా ఆవిడ వచ్చేది. "నీ మొహం చూస్తే రాళ్ళకి కూడా ఏడుపొస్తుంది అన్నయ్యా, కాస్త నవ్వు" అంటూ లోపలికొచ్చింది. ఆయన కత్తెర సానమీద పెట్టాడు. ఆవిడ చేతిలో గుడ్డల మూట విడిపోతుంటే కట్టడానికి తాడుముక్క ఏదైనా ఉందా అని గోడవైపు తిరిగింది. వరసగా దారాలు. ఒకటి లాగింది. చివరన అట్టముక్క. తన కొడుకు పేరు.

ఆవిడ దర్జీ. ముడులు వేసిన దారమంటే ఏమిటో ఆవిడకి ఒకరు చెప్పాలా? దారం రెండు చేతుల మధ్య సాగదీసి పట్టుకుంది, టేపు పట్టుకున్నట్టే.

"కొలత తీసుకున్నావా?" అంది.

ఉలిమామ కత్తెర కింద పెట్టాడు. "అమ్మా, పాలాయన భార్య ఆ రోజు..."

"ముప్ఫై ఏళ్ళుగా కుడుతున్నాను. మనిషి ఎదురుగా లేకుండా ఒక్క కొలతా తీసుకోలేదు నేను. నా కొడుకు అక్కడ బతికుంటే ఇక్కడ వాడికి రాతిమీద చొక్కా కుడుతున్నావా?" అని అరిచింది. అరిచిన అరుపుకి అత్త లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. పక్కింటివాళ్ళొచ్చారు. గంటలోపు షెడ్డు నిండా తల్లులే. ఒక్కొక్కరూ అట్టముక్కలు తిప్పి చదువుకున్నారు. ఎవరి దారం వాళ్ళు తీసుకున్నారు. ఒకావిడ ఏడవలేక దారాన్ని నోట్లో కుక్కుకుంది.

అప్పుడు కుట్టుమిషనావిడ గోడ వంక చూసింది. ఇరవైఒక్క మేకులు, అన్నీ ఖాళీ.

"మీవాడిదేది?" అంది.

ఉలిమామ కింద పెట్టిన కత్తెర తీసి మళ్ళీ సానమీద పెట్టబోయాడు.

"మావాళ్ళందరికీ ముడులు వేశావే, మీవాడిదేది అన్నయ్యా?"

"నా వల్ల కాలేదమ్మా" అన్నాడు. ఆ మాట ఆయన నోటినుంచి రావడం అదే మొదటిసారి. వచ్చాక అది ఎంత నీచంగా వినపడిందో ఆయనకే తెలిసింది.

"మా పేర్లప్పుడు అయిందే! అందరి పిల్లలూ నీకు రాతి పని, నీ పిల్లాడొక్కడే పిల్లాడు!"

అత్త ముందుకొచ్చింది. కొంగు నడుముకి దోపింది. ఇసకపలక తెచ్చి ఆయన ముందు పెట్టింది. "రాయండి" అంది. "వీళ్ళకి లేని మినహాయింపు మనకెందుకు? రాయండి." ఉలిమామ వేలు ఇసకలో పెట్టాడు. చుట్టూ తల్లులు చూస్తున్నారు. అదే సగం అక్షరం దగ్గర వేలు ఆగిపోయింది. ఆయన పలక మొత్తం నేలకేసి బోర్లించాడు.

"నన్ను తిట్టండి, కొట్టండి. రాయను" అన్నాడు. ఏడ్చాడు. ముప్ఫై ఏళ్ళలో అత్త ఆయన ఏడవడం చూడలేదు.

ఎవరూ కొట్టలేదు. కుట్టుమిషనావిడ పదును పెట్టని కత్తెర తీసుకుని వెళ్ళిపోయింది. తరవాత ఊళ్ళో ఎవరూ వాళ్ళతో మాట్లాడలేదు. కొట్టువాడు పంపే సరుకుల సంచీ కూడా గేటు బయటే పెట్టిపోయేవాడు. దారాలు మాత్రం ఎవరూ పారెయ్యలేదట. పారేస్తే ఏమవుతుందోనని భయం. పెట్టెల్లో, బియ్యం డబ్బాల్లో, దిండ్ల కింద దాచుకున్నారు.

పంతొమ్మిదో రోజున గుమాస్తా స్కూటరు ఊళ్ళోకి వచ్చింది. వీధి వీధికీ గుమ్మాలు నిండాయి. స్కూటరు ఏ ఇంటి ముందూ ఆగలేదు. కొట్టు దాటింది, పాలాయన ఇల్లు దాటింది, కుట్టుమిషనావిడ ఇల్లు దాటింది. ఇంటికి ఉత్తరం ఇచ్చాకే కదా చెక్కేవాడికి చీటీ. ఉత్తరం ఎక్కడా ఇవ్వకుండా తిన్నగా ఉలిమామ గేటు దగ్గరికి పోతోంది. ముందు కుట్టుమిషనావిడకే అర్థమైంది. "అయ్యో, వదినా" అంటూ చెప్పుల్లేకుండా పరిగెత్తింది.

గుమాస్తా సంచీలోంచి ఒక కాగితం తీశాడు. అది ఉత్తరం. ఇంకోటి తీశాడు. అది చీటీ. రెండూ ఒకే గుమ్మంలో, ఒకే చేతికి. ఆ ఉద్యోగంలో అతనికీ అది మొదటిసారే. సంతకం పెట్టించుకోవడం కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు.

"పట్నం నుంచి ఎవరినైనా పిలిపిద్దాం మామా, నువ్వు చెక్కలేవు" అన్నాడు పంచాయతీ ప్రెసిడెంటు. ఉలిమామ తల అడ్డంగా ఊపాడు. మర్నాడు తెల్లవారగానే అత్త తిత్తి ఊదింది. ఊదుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే ఊదింది. సన్న ఉలి చప్పుడు ఊరంతా విన్నది.

ఆయన అరుగు ఎక్కేసరికి తల్లులందరూ అక్కడున్నారు. ఆయన చేతిలో ఉలి, సుత్తి ఉన్నాయి. ఇసకపలక లేదు, దారం లేదు. ఏడో గీత మొదట్లో ఉలి ఆనించి, కొట్టడం మొదలుపెట్టాడు. మొదటి అక్షరం పెద్దదైపోయింది. రెండోది ఒరిగింది. ఆయన ఆగలేదు. సగం పేరు అయ్యేసరికి చోటు అయిపోవచ్చింది. చివరి రెండక్షరాలూ ఇరుక్కుని, ఒకదాన్నొకటి తోసుకుంటూ అంచుమీద పైకి ఎక్కాయి. అచ్చం వాడు చెక్కినట్టే. పనయ్యాక ఉలిమామ అది చూసి, "తప్పిపోయిన మేకలు" అన్నాడు. అని రాతికి నుదురు ఆనించాడు.

దండ వెయ్యడానికి వచ్చిన ఆఫీసరు మొహం చిట్లించాడు. "ఇదేం పని? కొత్తరాయి తెప్పించి మిషను మీద చెక్కిస్తాం" అన్నాడు. తల్లులు ఎవరూ అరుగు దిగలేదు. ఆయన దండ వేసి వెళ్ళిపోయాడు. రాయి మారలేదు.

నెలకి ఎనిమిదో చీటీ వచ్చింది. ఉలిమామ దాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకుని, ఆ తల్లి ముందుకి ఎలా వెళ్ళాలో తెలియక షెడ్డులోనే కూర్చున్నాడు. ఆవిడే వచ్చింది. కుట్టుమిషనావిడ. ఒక్కరోజులో జుట్టంతా రేగిపోయి, మనిషి సగమై ఉంది. పిడికిట్లో దారం. తన కొడుకు దారమే, ముడి అలాగే ఉంది. దాన్ని తనకి ఇస్తుందనుకుని ఆయన చెయ్యి చాచాడు.

ఆవిడ ఇవ్వలేదు. ముడి దగ్గర పళ్ళ మధ్య పెట్టి, రోజూ పనిలో దారం తెంపినట్టే కొరికేసింది. రెండు ముక్కలూ కొలిమిలో వేసింది.

"కొలవకుండా చెక్కు అన్నయ్యా. మీవాడి కిందనే, మీవాడిదానిలాగే. తిన్నగా ఉందంటే, వీడు పోతాడని ఈ ఊరు ముందే సిద్ధంగా ఉందనుకుంటారు చదివేవాళ్ళు."

ఉలిమామ లేచాడు. అత్త తిత్తి దగ్గర కూర్చుంది. ఆ సాయంత్రం మిగతా తల్లులు కూడా తమ దారాలు తెచ్చి కొలిమిలో వేసిపోయారు.

ఇప్పటికి పదకొండు పేర్లయ్యాయి. బస్సు కోసం ఆగినవాళ్ళు వంకర చూసి నవ్వుకుంటే నవ్వుకుంటారు, ఊళ్ళోవాళ్ళు ఏమీ అనరు. స్కూటరు చప్పుడు దూరాన వినపడితే మాత్రం అందరూ చేతిలో పని వదిలేస్తారు. రాయిమీద ఇంకా పంతొమ్మిది గీతలు ఖాళీగా ఉన్నాయి.